జాకీల షెడ్డు నుంచి బోరు రిగ్గు దాకా



ఇవాళ నేను మాట్లాడబోయేది హైడ్రాలిక్ రిపేరు పని గురించీ, డ్రిల్లింగు రిగ్గుల గురించీ. ఈ మాట వినగానే "ఇదేదో మగవాళ్ళ గొడవ, మనకెందుకు?" అని మీలో కొందరు వంటింట్లోకి లేచిపోతారేమో! కాస్త ఆగండి. షెడ్డులో మిషను విప్పేది మగవాళ్ళే కావచ్చు. కాని ఆ షెడ్డును పెంచాలనుకున్న రోజున బీరువాలోంచి బయటికి వచ్చేది మీ నగలు. బ్యాంకు కాగితం మీద రెండో సంతకం మీది. తాకట్టుకు వెళ్ళేది మీరు కాపురం చేస్తున్న ఇల్లు. కనుక ఇది మన గొడవే.

తెనాలి, బాపట్ల, రేపల్లె - ఈ మూడు ఊళ్ళల్లో ఏ రోడ్డు పట్టుకుని వెళ్ళినా ఇలాంటి షెడ్డు ఒకటి కనబడుతుంది. రేకుల కప్పు, నల్లగా నూనె ఇంకిన నేల, గోడకు వేలాడే రబ్బరు గొట్టాలు. ట్రాక్టరు లిఫ్టు లేవకపోయినా, టిప్పరు తొట్టి సగంలో ఆగిపోయినా, వరికోత మిషను మొరాయించినా అక్కడికే వస్తారు. తెనాలి వైపు పొలాల మిషన్లు ఎక్కువ. బాపట్ల, రేపల్లె వైపు రొయ్యల చెరువులు తవ్వే పొక్లెయిన్లు ఎక్కువ. పదేళ్ళు ఈ పని చేసిన మనిషికి ఒకనాటికి సహజంగానే ఒక ఆలోచన వస్తుంది. "ఎన్నాళ్ళని ఈ జాకీలు బాగుచేస్తాను? రిగ్గుల పనిలోకి దిగితే?" అని. ఆ ఆలోచన మంచిదా, చెడ్డదా అనేది రెండో సంగతి. ముందు అదేమిటో మనకు అర్థం కావాలి గదా!

హైడ్రాలిక్ అంటే బ్రహ్మవిద్య కాదు. మూత మూసిన పాత్రలో వున్న ద్రవాన్ని ఒకచోట నొక్కితే ఆ ఒత్తిడి అన్ని వైపులకూ సమానంగా పాకుతుంది. పదిహేడో శతాబ్దంలో పాస్కల్ అనే ఫ్రెంచి పండితుడు చెప్పిన సూత్రం ఇది. సన్న గొట్టంలో ఒక కిలో బరువుతో నొక్కితే, దానికి యాభై రెట్లు వెడల్పు వైశాల్యమున్న గొట్టంలో యాభై కిలోల బరువు పైకి లేస్తుంది. 1795లో ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా ఈ సూత్రంతోనే ప్రెస్సు తయారుచేసి పేటెంటు తీసుకున్నాడు. పళ్ళ డాక్టరుగారి కుర్చీ కాలితో తొక్కితే పైకి లేస్తుంది చూడండి, అదీ ఇదే. పంపు నూనెను తోస్తుంది, గొట్టం మోసుకుపోతుంది, సిలిండరు బరువెత్తుతుంది, నూనె బయటికి కారకుండా సీళ్ళు ఆపుతాయి. మొత్తం కథ ఇంతే.

బోరు వేసే రిగ్గు మీద కూడా ఈ నాలుగూ వున్నాయి. లారీ కదలకుండా నేల మీద ఆనించే కాళ్ళు హైడ్రాలిక్ జాకీలు. పడుకోబెట్టిన స్తంభాన్ని నిలబెట్టేది హైడ్రాలిక్ సిలిండరు. రాడ్డును తిప్పేది హైడ్రాలిక్ మోటారు. రాయిని పగలగొట్టే సుత్తి మాత్రం కంప్రెసరు గాలితో నడుస్తుంది. కనుక "ట్రాక్టరు లిఫ్టు బాగుచేసినవాడికి రిగ్గు జాకీ రాదా?" అంటే వస్తుంది. చేతి పనివరకు తేడా కొంతే. తేడా అంతా మరోచోట వుంది. అది చెప్పడానికే ఈ ప్రసంగం.

మొదటి తేడా నేలది. మన కృష్ణా డెల్టా అంతా నది తెచ్చి పోసిన ఒండ్రు. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచి కాలువ నీటితో బతుకుతున్న నేల ఇది. ఇక్కడ ఇసుకలో, బంకమట్టిలో బోరు దించాలంటే రాయి పగలగొట్టే సుత్తితో పనిలేదు, పక్కలు కూలకుండా చూసుకోవాలి. అందుకే ఇక్కడ చేతి బోర్లూ, ఫిల్టరు పాయింట్లూ వచ్చాయి. సముద్రం దగ్గరకు వెళ్ళేకొద్దీ లోతుకు పోతే ఉప్పునీళ్ళు తగులుతాయి. బాపట్ల ఇసుక నేలల్లో మంచినీరు ఉప్పునీటి మీద పాల మీద మీగడలా పలచగా తేలుతుంది. ఆ మీగడను తీసుకోవడానికే మన పెద్దలు దొరువులు తవ్వారు. బాపట్లలోని ఉప్పునీటి సేద్యపు పరిశోధన కేంద్రంవారు ఆ దొరువునే మెరుగుపరిచి, పక్కలకు చిల్లుల గొట్టాలు పరిచి, పై నీరు మాత్రమే తోడే పద్ధతి రూపొందించారు. అంటే ఏమిటి? మన ఊళ్ళల్లో లోతు బోరు వేసే రిగ్గుకు పెద్దగా పనిలేదు. దానికి పని పల్నాడు మెట్టలోనూ, మార్కాపురం వైపు రాతి నేలల్లోనూ వుంది. గ్రానైటు క్వారీలున్న చీమకుర్తి వైపు కూడా రాయికి చిల్లు వేసే మిషన్లున్నాయి. షెడ్డు తెనాలిలో, రిగ్గు వినుకొండ అవతల! ఆ దూరం ఖర్చు ఎవరు భరిస్తారన్నది మొదటి ప్రశ్న.

అయితే డెల్టాలో కూడా ఒకరకం రిగ్గులకు పనివుంది. మెత్తని నేల గనుక వంతెనలకూ, పెద్ద కట్టడాలకూ లోతుగా స్తంభాలు దించి పునాది వెయ్యాలి. దాన్ని పైలింగు అంటారు. ఆ మిషన్లు ఆపాదమస్తకం హైడ్రాలిక్‌తోనే నడుస్తాయి. మన షెడ్డుకు దగ్గరలో దొరికే బేరం అది. బోరు రిగ్గుల మోజులో దీన్ని చాలామంది చూడరు.

ఇక మూడోరకం చమురు, సహజవాయువు రిగ్గులు. మన కాళ్ళకింద వున్నది కృష్ణా-గోదావరి బేసిన్. భూగర్భ శాస్త్రజ్ఞులు గీసిన ఆ బేసిన్ పటంలో "బాపట్ల హార్స్ట్" అని ఒక పేరుంది. రెండుపక్కలా నేల కుంగిపోగా మధ్యలో ఎత్తుగా నిలిచిన రాతి మిట్టను హార్స్ట్ అంటారు. మన బాపట్ల పేరు అలా భూమి పొరల్లోకి కూడా దిగింది! ఈ బావులు వందల అడుగులు కావు, వేల మీటర్లు. బావి నోటి దగ్గర, లోపలి గ్యాసు ఎగదన్నితే మూసివేసే పెద్ద కవాటాలుంటాయి. వాటిని మూసేదీ హైడ్రాలిక్ ఒత్తిడే. 1995 జనవరి 8న కోనసీమలో పాశర్లపూడి బావి అంటుకుని రెండు నెలలకు పైగా మండింది. ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ చేయించారు. అలాంటి చోట సీలు మార్చే మనిషి చేతికి నేర్పు వుంటే చాలదు, ఆ నేర్పుకు సర్టిఫికెట్టు వుండాలి, వాడిన ప్రతి సామానుకూ కాగితం వుండాలి. షెడ్డు పెట్టిన మర్నాడే దొరికే బేరం కాదది.

"మరి మనవాళ్ళెవరూ అంత దూరం వెళ్ళలేదా?" అంటారు. వెళ్ళారు. 1989లో చిన్న సంస్థగా మొదలైన మేఘా ఇంజనీరింగు సంగతి చూడండి. స్థాపించిన పి. పి. రెడ్డిగారు కృష్ణా జిల్లావారు. మునిసిపాలిటీలకు గొట్టాలు తయారుచెయ్యడం వాళ్ళ తొలి పనుల్లో ఒకటి. తరువాత మంచినీటి పథకాలూ, ఎత్తిపోతల పథకాలూ కట్టారు. 2019లో ఓ.ఎన్.జి.సి. నుంచి 47 రిగ్గులు తయారుచేసి ఇచ్చే ఆర్డరు వచ్చింది. 2020లో ఇటలీలోని డ్రిల్‌మెక్ అనే రిగ్గుల కంపెనీని కొన్నారు. 2021 ఏప్రిల్‌లో గుజరాత్‌లోని కలోల్ దగ్గర వాళ్ళ మొదటి రిగ్గు పని ప్రారంభించింది. ఆ రిగ్గు బరువును మోకు చుట్టిన డ్రమ్ముతో కాకుండా హైడ్రాలిక్ సిలిండర్లతో ఎత్తుతుంది.

ఇది విని "చూశావా, గొట్టాలు చేసినవాళ్ళు రిగ్గులు చెయ్యలేదా!" అని మీ వారు అనవచ్చు. అప్పుడు మీరు సంవత్సరాలు లెక్కపెట్టి చెప్పండి. 1989 నుంచి 2021కి ముప్ఫైరెండేళ్ళు. గొట్టం నుంచి పథకానికి, పథకం నుంచి రిగ్గుకు మెట్టు మెట్టుగా వెళ్ళారు. తెలియనిదాన్ని తెలిసిన కంపెనీని కొని నేర్చుకున్నారు. అందరం అంత పెద్దవాళ్ళం కానక్కరలేదు గాని, మెట్టు దాటకుండా ఎక్కాలన్న నీతి మాత్రం రేకుల షెడ్డుకూ వర్తిస్తుంది.

రెండో తేడా శుభ్రతది. ఇది మీకు వెంటనే తెలుస్తుంది. ఆవకాయ జాడీలో తడిచెయ్యి పెడితే ఏమవుతుంది? ఏడాది పచ్చడి పాడవుతుంది. హైడ్రాలిక్ పంపూ అంతే. దానిలోపలి భాగాల మధ్య సందు మన తలవెంట్రుక మందంలో ఎన్నో వంతు. కంటికి కనబడని రాతిపొడి ఆ సందులో దూరితే పంపు గీరుకుపోతుంది. ట్రాక్టరు లిఫ్టు ఆరుబయట వేపచెట్టు కింద విప్పినా ఎలాగో నడుస్తుంది. రిగ్గు పంపు అలా విప్పితే నెల తిరక్కుండా వెనక్కి వస్తుంది, దానితోపాటు చెడ్డపేరూ వస్తుంది. అసలే రిగ్గు చుట్టూ లేచేదంతా రాతిపొడి. కనుక తలుపులున్న గది, టైల్స్ వేసిన బల్ల, కడిగిన సామాను మూతపెట్టే డబ్బాలు, బాగుచేసినదాన్ని పంపించే ముందు ఒత్తిడి పెట్టి పరీక్షించే బల్ల కావాలి. వ్యాపారం పెంచడమంటే పెద్ద బోర్డు రాయించడం కాదు. ముందు ఈ గది కట్టించడం.

మూడో తేడా కాలానిది. ట్రాక్టరు ఆగితే రైతు రెండు రోజులు ఆగుతాడు. రిగ్గు ఆగితే మనుషులందరూ కూర్చుంటారు, బోరు సగంలో వుంటుంది, ఇసుక పొర అయితే రాడ్లు లోపలే ఇరుక్కుపోతాయి. అందుకని రాత్రి పదకొండు గంటలకు ఫోను వస్తుంది. "గొట్టం పగిలింది, ఇప్పుడే రావాలి" అంటారు. కనుక రిగ్గుల పనికి దిగేవాడికి ముందు కావలసింది ఒక చిన్న వ్యాను, అందులో గొట్టాలకు కొసలు బిగించే మిషను, రకరకాల సీళ్ళు. విజయవాడ ఆటోనగర్ వెళ్ళి తెచ్చి వేస్తానంటే ఆ బేరం మరొకరికి పోతుంది.

నాలుగో తేడా డబ్బుది. అసలు చిక్కంతా ఇక్కడే. ఒక లెక్క వేసుకుందాం. కేవలం ఉదాహరణకే సుమండీ. ఒక పంపు బాగుచేసిన బిల్లు 40 వేలు అనుకోండి. అందులో 25 వేలు సామానుకు రొక్కం ఇచ్చి తెచ్చాం. 15 వేలు మన మజూరీ. అలాంటి పంపులు మూడు చేశాం, మూడూ మూడు నెలల అప్పు. పుస్తకంలో చూస్తే 45 వేలు సంపాదించాం. పెట్టె తెరిస్తే 75 వేలు తక్కువ! ఆ 75 వేలూ నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చినవైతే మూడు నెలలకు 4,500 రూపాయల వడ్డీ. అంటే మన మజూరీలో పదోవంతు అప్పిచ్చినవాడికి పోయింది. ఆరు నెలలు ఆగితే అయిదోవంతు. పని పెరిగినకొద్దీ పెట్టె ఖాళీ అయ్యే వింత ఇదే. "పని బోలెడు, ఇంట్లో మాత్రం పాలవాడికి ఇవ్వడానికి లేదు" అని ఏ ఇల్లాలైనా అన్నదంటే ఆవిడ ఇంట్లో జరుగుతున్నది ఇదే.

రేపల్లెలో మా పినతల్లి కూతురు వుంది. వాళ్ళకు పొక్లెయిన్ల రిపేరు షెడ్డు. ఒక సంక్రాంతికి వచ్చినప్పుడు మరిదిగారు పాత రిగ్గు ఒకటి బేరం కుదిరిందనీ, ఇల్లు తాకట్టు పెడితే సరిపోతుందనీ ఉత్సాహంగా చెప్పారు. మా చెల్లెలు కాదనలేదు, ఏడవలేదు. "ఏమండీ, ఒక్క వేసవి ఆ రిగ్గులవాళ్ళకు రిపేరు పని చెయ్యండి. ఎవరు ఎప్పుడు డబ్బిస్తున్నారో నేను రాసి పెడతాను. జూన్‌లో ఇద్దరం కూర్చుని ఆ పుస్తకం చూద్దాం. అప్పుడు మీరు ఎలా అంటే అలా" అంది. ఆయన ఒప్పుకున్నారు. జూన్ వచ్చింది. పుస్తకంలో నలుగురు రిగ్గు యజమానుల పేర్లున్నాయి. ఇద్దరు నెలలోపల ఇచ్చారు. ఒకాయన సగం ఇచ్చారు. ఒకాయన "వానలు పడ్డాయి, రిగ్గు నిలబడింది, వచ్చే ఏడు చూద్దాం" అన్నారు. ఆ చివరి మాట మరిదిగారిని ఆలోచింపజేసింది. "అక్కయ్యా, ఆ రిగ్గు నేను కొనివుంటే ఆ మాట అనవలసినవాణ్ణి నేనే గదా!" అన్నారు నాతో. రిగ్గు కొనలేదు. గొట్టాలు బిగించే మిషను కొన్నారు. మొదటి ఇద్దరి పనే చేస్తున్నారు. ఇల్లు ఇల్లుగానే వుంది.

చూశారా, రిగ్గులు బాగుచెయ్యడం వేరు, రిగ్గుకు యజమాని కావడం వేరు. ఒకటి చేతిపనిని పెంచుకోవడం. రెండోది వాన మీద పందెం వెయ్యడం. వానలు లేని ఏడు రిగ్గుకు ఊపిరాడనంత పని. వానలు బాగా కురిసిన ఏడు ఊరంతా సంతోషిస్తుంటే రిగ్గు యజమాని వాయిదాలు తలుచుకుని దిగులుపడతాడు. పైగా కొత్త రిగ్గూ, కంప్రెసరూ, లారీలూ కలిస్తే కోటి రూపాయల మాట. తమిళనాడులో తిరుచెంగోడు అనే ఊరు రిగ్గులకు పుట్టిల్లు. అక్కడివాళ్ళు తరతరాలుగా ఇందులో వుండి, మన రాష్ట్రంతో సహా దేశమంతా తిరిగి బోర్లు వేస్తారు. ఒక రాష్ట్రంలో వానపడితే మరో రాష్ట్రానికి లారీ తిప్పుతారు. ఒకే రిగ్గుతో, ఒకే జిల్లాలో, ఇల్లు తాకట్టు పెట్టి వాళ్ళతో పోటీ పడటం తేలిక కాదు.

యజమాని అయితే చట్టం బాధ్యతలు కూడా వస్తాయి. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం ప్రకారం రిగ్గు యజమాని రిజిస్టరు చేయించుకోవాలి. పసిపిల్లలు పాడుబోర్లలో పడి చనిపోతున్నారని 2010 ఫిబ్రవరి 11న సుప్రీంకోర్టు ఉత్తర్వులిచ్చింది. బోరు వెయ్యడానికి పదిహేను రోజులు ముందు స్థలం యజమాని అధికారులకు రాతమూలకంగా తెలపాలి. బోరు వేసే సంస్థ రిజిస్టరై వుండాలి. పనిచోట యజమాని చిరునామా, బోరు వేసేవాళ్ళ చిరునామా రాసిన బోర్డు పెట్టాలి. చుట్టూ కంచె వెయ్యాలి. పైన మూత బిగించాలి. నీళ్ళు పడని బోరును పూడ్చాలి. ఒక తల్లి కడుపుకోత మన లారీ పేరుతో ముడిపడకుండా వుండాలంటే ఇవన్నీ తూచా తప్పకుండా చెయ్యాలి.

రిపేరు షెడ్డుగానే వుండి రిగ్గుల పనిని కలుపుకుంటే మరొక లాభం వుంది. క్యాలెండరు చూడండి. మన డెల్టాలో సార్వా వరికోతలు నవంబరు నుంచి జనవరి దాకా, అప్పుడు కోతమిషన్ల పని. బోరు రిగ్గులకు గిరాకీ ఎండలు ముదిరినప్పుడు, ఫిబ్రవరి నుంచి జూన్ దాకా. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు పూడిక తీసే పొక్లెయిన్లకూ పని. ఒకటి తగ్గినప్పుడు మరొకటి అందుకుంటుంది. ఒకే పంట వేసిన రైతు కన్నా అంతరపంట వేసిన రైతు నిలదొక్కుకున్నట్టు, పాత గిరాకీలను వదలకుండా కొత్తదాన్ని కలుపుకున్న షెడ్డు నిలుస్తుంది. రిగ్గులు వచ్చాయని ట్రాక్టరు రైతును చిన్నచూపు చూడవద్దని మీ వారికి చెప్పండి. ఆయన పంట రాగానే రొక్కం ఇచ్చేవాడు.

ఇప్పుడు సంతకం సంగతి. బ్యాంకు కాగితం మీద "హామీదారు" అని రాసివున్న చోట మిమ్మల్ని సంతకం చెయ్యమంటారు. ఊరికే లాంఛనం అంటారు. లాంఛనం కాదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం హామీదారు బాధ్యత అప్పు తీసుకున్నవాడి బాధ్యతతో సమానం. ఒప్పందంలో మరోలా రాస్తే తప్ప, ముందు ఆయన్ని అడిగి తరువాతే మిమ్మల్ని అడగాలన్న నియమమేమీ లేదు. కనుక సంతకం చేసే ముందు మూడు ప్రశ్నలు అడగండి. అప్పు ఎంత, వాయిదా ఎంత? ఒక ఏడు పని లేకపోతే వాయిదా దేనితో కడతాం? తాకట్టులో ఇల్లు వుందా, మిషను మాత్రమే వుందా? ఈ మూడింటికీ జవాబు కాగితం మీద వుంటే సంతోషంగా సంతకం చెయ్యండి. భార్య ప్రశ్న అడగడం అపనమ్మకం కాదు. బ్యాంకువాళ్ళు అడిగిన దానికి ఓపిగ్గా జవాబు చెప్పినవారు ఇంట్లో చెప్పలేరా?

చిన్న మిషన్లకు ఇల్లు తాకట్టు పెట్టకుండానే దారులున్నాయి. 2015లో మొదలైన ముద్ర రుణాలున్నాయి. తాకట్టు లేని అప్పుకు బ్యాంకుకు భరోసా ఇచ్చే గ్యారంటీ నిధి 2000 సంవత్సరం నుంచి వుంది. నగలు తీసే ముందు ఆ దారి అడగండి.

ఇంకొక మాట. 1874 నుంచి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం వుంది. భర్త తన పేర జీవిత బీమా తీసుకునేటప్పుడే అది ఈ చట్టం కింద భార్యాబిడ్డల కోసమని రాసి ఇస్తే, ఆ డబ్బు భార్యాబిడ్డలదే. అప్పులవాళ్ళను మోసగించే ఉద్దేశంతో తీసుకున్నదైతే తప్ప, వ్యాపారపు అప్పులకు దాన్ని పట్టుకోవడానికి వీల్లేదు. పాలసీ తీసుకునేనాడే ఆ ఫారం నింపాలి, తరువాత కుదరదు. వ్యాపారం పెంచే ప్రతి ఇంట్లోనూ మిషను కన్నా ముందు ఈ కాగితం వుండాలంటాను.

రావలసిన డబ్బుకు కూడా చట్టం తోడుంది. 2006 నాటి చిన్న పరిశ్రమల చట్టం ప్రకారం, రాతపూర్వక ఒప్పందం వున్నా సరే, చిన్న సంస్థ బిల్లును కొనుగోలుదారు 45 రోజులకు మించి ఆపకూడదు. ఒప్పందమే లేకపోతే 15 రోజులు. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు రేటుకు మూడు రెట్లు వడ్డీ, అదీ చక్రవడ్డీ. అయితే మీ షెడ్డు ముందుగానే "ఉద్యం" రిజిస్ట్రేషను చేయించుకుని వుండాలి. 2020 జూలై నుంచి అది ఆన్‌లైన్‌లో ఉచితంగా జరుగుతున్నది. బిల్లు, పని ఒప్పగించినట్టు సంతకం, తేదీ - ఈ మూడూ లేకపోతే ఏ చట్టమూ మనకు సాయపడదు. నోటిమాట మీద పంపు బాగుచేసి ఇచ్చే అలవాటు మన షెడ్లకు ఎక్కువ. ఆ అలవాటు మాన్పించేది ఇల్లాలి పుస్తకమే.

చివరగా ప్రాణానికి సంబంధించిన మాట. కారు టైరులో గాలి ఒత్తిడి సుమారు రెండు బార్లు. రిగ్గు గొట్టాల్లో నూనె ఒత్తిడి దానికి వంద రెట్ల దాకా వుండవచ్చు. గొట్టానికి సూదిమొనంత చిల్లు పడితే, అందులోంచి వచ్చే నూనె కంటికి సరిగా కనబడదు గాని చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చీమ కుట్టినంత గాయం. మొదట నొప్పి కూడా పెద్దగా వుండదు. పసుపు అద్ది వూరుకుంటే గంటల్లో చెయ్యి వాచి, వేలో చెయ్యో తీసెయ్యవలసిన పరిస్థితి వస్తుంది. "నూనె చిమ్మి కుట్టింది" అని మీ వారుగాని, పనిచేసే కుర్రాడుగాని అంటే ఆ క్షణాన ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. ఇది హైడ్రాలిక్ నూనె అని డాక్టరుతో ప్రత్యేకంగా చెప్పండి. లీకు ఎక్కడుందో చేత్తో తడిమి చూడకూడదు, అట్టముక్క అడ్డంపెట్టి చూడాలి. జాకీ మీద ఎత్తిన బరువు కిందికి, దుంగలు ఆనించకుండా, ఎవరూ దూరకూడదు. రాతిపొడి రేగే చోట ముక్కుకు మంచి మాస్కు వుండాలి. ఆ పొడి ఏళ్ళ తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు గట్టిపడి తిరిగి బాగుకావు. పనివాళ్ళకు ప్రమాద బీమా చేయించడం మరవకండి. ఆ కుర్రవాడికీ ఎక్కడో ఒక తల్లి వుంటుంది.

మరి మీరు చెయ్యగలిగినదేమిటి? రెండు వందల పేజీల నోటుపుస్తకం ఒకటి కొనండి. ఒకవైపు ఎవరి మిషను, ఏం చేశాం, బిల్లెంత, ఏ తేదీన ఇచ్చారు అని రాయండి. రెండోవైపు సామానుకు ఏ రోజున ఎంత రొక్కం పోయిందో రాయండి. సీళ్ళను కొలతలవారీగా డబ్బాల్లో సర్ది పేర్లు అంటించండి. పోపుపెట్టె సర్దే చేతికి అదొక లెక్క కాదు. ఏ సీలు ఎన్నిసార్లు అయిపోతున్నదో మీ పుస్తకమే చెబుతుంది. ఒక సంవత్సరం తిరిగేసరికి ఏ గిరాకీ నిలబెడుతున్నది, ఏది ముంచుతున్నది అన్నది ఇద్దరికీ తెలుస్తుంది.

రిగ్గుల పనిలోకి వెళ్ళవద్దని నేను చెప్పడం లేదు. వెళ్ళవలసిందే. చేతిలో విద్య వున్నవాడు జాకీల దగ్గరే ఆగిపోనక్కరలేదు. కాని ముందు శుభ్రమైన గది, తరువాత వ్యాను, ఆ తరువాత ఒక వేసవి అనుభవం, దాని పక్కన ఇల్లాలి పుస్తకం. ఇవన్నీ అయ్యాక కూడా రిగ్గు కొనాలనిపిస్తే అప్పుడు ఇద్దరూ కూర్చుని నిర్ణయించుకోండి. నూనె ఒకచోట నొక్కితే అన్ని వైపులకూ పాకుతుందని మొదట చెప్పాను. అప్పు ఒత్తిడీ అంతే. షెడ్డులో పడ్డ బరువు వంటింటి దాకా వస్తుంది. కనుక ఆ బరువు ఎంతో ముందే తెలుసుకునే హక్కు వంటింటికి వుంది.